కాపురం దేశం దాటే ముందు: పెళ్లి, పిల్లల కాగితాలు సరిచూసుకోవడం ఎలా

పెళ్లి ఒక దేశంలో, ఉద్యోగం ఇంకో దేశంలో, బిడ్డ పుట్టింది మూడో దేశంలో. ఇలాంటి కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. అంతా బాగున్నంత కాలం మనకు ఏ దేశం చట్టం వర్తిస్తుందన్న ప్రశ్నే రాదు. వీసా ఆగినప్పుడో, ఆసుపత్రిలో భర్త తరఫున భార్య సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడో, మాటామాటా పెరిగి ఒకరు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయినప్పుడో వస్తుంది. ఇద్దరూ ఒక మాట మీద ఉన్నప్పుడు అరగంటలో అయ్యే సంతకం, పడని రోజుల్లో ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిప్పుతుంది. అందుకే ఈ పనులన్నీ సూట్‌కేసులు సర్దేటప్పుడే పెట్టుకోమంటాను.

1. ముందు ప్రశ్నల్ని విడదీయండి

"మాది ఫలానా దేశం, కాబట్టి మాకు ఆ చట్టమే" అనుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. ఒకే కుటుంబానికి ఒక్కో విషయంలో ఒక్కో దేశం చట్టం వర్తించవచ్చు. పెళ్లి తంతు చెల్లుతుందా లేదా అన్నది సాధారణంగా పెళ్లి జరిగిన చోటి చట్టం చెబుతుంది. పెళ్లికి అర్హత, అంటే వయసు, అంతకుముందు పెళ్లి ఉందా లేదా వంటివి, చాలా దేశాల్లో ఎవరి సొంత దేశం చట్టం ప్రకారం వారికి చూస్తారు. పిల్లల సంరక్షణ గొడవ ఎక్కువగా పిల్లలు ఉంటున్న చోటి కోర్టుకు వెళ్తుంది. ఆస్తి లెక్క మళ్లీ వేరు. పౌరసత్వం పూర్తిగా వేరు, దాన్ని ప్రతి దేశమూ తన రూల్స్‌తోనే తేల్చుకుంటుంది.

ఒక తెల్లకాగితం తీసుకోండి. పెళ్లి, పిల్లలు, ఆస్తి, విడాకులు, వారసత్వం అని ఐదు వరసలు రాసి, ఒక్కోదాని ఎదురుగా మీ కుటుంబానికి సంబంధం ఉన్న దేశాల పేర్లు రాయండి. ఎక్కడ రెండు దేశాల పేర్లు పడ్డాయో అక్కడే మీకు పని ఉంది. విడాకుల గురించి ఇప్పుడెందుకని ఇంట్లో ఎవరైనా నొచ్చుకుంటే, ఇన్సూరెన్స్ కట్టినంత మాత్రాన ఎవరూ ప్రమాదం కోరుకోరని చెప్పండి.

2. మీ పెళ్లిని పెళ్లి చేసింది ఏమిటో తెలుసుకోండి

ప్రశ్న వింతగా ఉంది కదా. కానీ దేశాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఫ్రాన్స్, జర్మనీల్లో ప్రభుత్వ అధికారి ముందు జరిగిందే పెళ్లి. గుడిలోనో చర్చిలోనో ఎంత ఘనంగా చేసుకున్నా చట్టానికి అది లెక్క కాదు. భారతదేశంలో హిందూ వివాహ చట్టం కింద దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది: తంతే పెళ్లి, రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. తంతు జరపకుండా, వీసా కోసమో మరో అవసరం కోసమో ముందుగా సర్టిఫికెట్ మాత్రం తీసుకుంటే అది పెళ్లి కాదని భారత సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. ఇంగ్లండ్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి చట్టం అడిగే పద్ధతులేవీ లేకుండా మతపరమైన తంతు మాత్రమే జరిగితే అది చట్టం దృష్టిలో చెల్లని పెళ్లి అని కోర్టు ప్రకటించదగ్గది కూడా కాదని, అసలు పెళ్లే కాదని అక్కడి అప్పీలు కోర్టు 2020లో చెప్పింది. అలాంటి జంట విడిపోతే, భార్య స్థానంలో ఉన్న మనిషికి భార్యగా ఆస్తి అడిగే దారి ఉండదు.

కాబట్టి పెళ్లి జరిగిన దేశంలో తంతు కావాలా, రిజిస్ట్రేషన్ కావాలా, రెండూ కావాలా అన్నది మొదట కనుక్కోండి. రెండూ ఉంటే ఎక్కడా ఇబ్బంది లేదు. ఏదో ఒకటి తక్కువైతే బయల్దేరే ముందే సరిచేసుకోండి.

ఒకే లింగానికి చెందిన జంటలకు ఈ పని రెట్టింపు. 2001లో నెదర్లాండ్స్‌తో మొదలై చాలా దేశాలు ఆ పెళ్లిళ్లను ఒప్పుకున్నాయి, ఒప్పుకోనివి అంతకంటే ఎక్కువ. భర్తకో భార్యకో నివాస హక్కు ఇచ్చే విషయంలో ఆ బంధాన్ని గుర్తించాల్సిందేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018లో చెప్పింది గానీ, అది ఆ యూనియన్ లోపల స్వేచ్ఛగా తిరిగే హక్కు గురించి చెప్పిన మాట. అన్నిచోట్లా అదే జరుగుతుందని అనుకోకండి.

3. అపోస్టిల్ వేయించండి, కానీ దాన్ని నమ్మాల్సినంతే నమ్మండి

ఒక దేశం ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్‌ను ఇంకో దేశం అధికారి చేతిలో పెడితే ఆయన మొదట చూసేది, ఈ సంతకం నిజమైనదేనా అని. దానికోసమే 1961 అక్టోబర్ 5 నాటి హేగ్ ఒప్పందం (హేగ్ నగరంలో దేశాలు కలిసి కుదుర్చుకున్నది) అపోస్టిల్ అనే ముద్రను తెచ్చింది. చూడ్డానికి ఒక చదరపు గడి. ఒక్కో వైపు కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి. పైన ఫ్రెంచ్‌లో ఒప్పందం పేరు, కింద 1 నుంచి 10 దాకా నంబర్లు వేసిన వరసలు: ఏ దేశం, సంతకం ఎవరిది, ఆయన హోదా ఏమిటి, ఎవరి సీలు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, నంబరు ఎంత, చివర్లో సీలు, సంతకం. ఆ నంబరుతో అది అసలుదో కాదో ఇచ్చిన ఆఫీసులో సరిచూసుకోవచ్చు.

అపోస్టిల్ చెప్పేది సంతకం, సీలు నిజమైనవని మాత్రమే. లోపల రాసిన విషయం నిజమా, ఆ పెళ్లి చెల్లుతుందా అన్నది అది చెప్పదు. వెళ్లే దేశం ఈ ఒప్పందంలో ఉందో లేదో కూడా చూసుకోండి. చైనాలో ఇది 2023 నవంబర్‌లో, కెనడాలో 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఒప్పందంలో లేని దేశానికైతే విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర అంటూ పాత పద్ధతిలో తిరగాలి. దానికి వారాలు పడుతుంది.

ట్రాన్స్‌లేషన్ విషయంలో తొందరపడకండి. కొన్ని దేశాలు తమ దగ్గర నమోదైన అనువాదకులు చేసిందే తీసుకుంటాయి. అపోస్టిల్ ముద్రలో ఉన్నది కూడా అనువదించమంటాయి. ముందే ఇక్కడ చేయించుకుని వెళ్తే డబ్బు దండగ.

ఒక సొంత గోడు. మా పెళ్లి సర్టిఫికెట్ నలిగిపోతుందని జాగ్రత్తగా లామినేషన్ చేయించాం. ప్లాస్టిక్ మీద ముద్ర వేయడం కుదరదు, కొత్త కాపీ తెచ్చుకోమన్నారు. దానికి ఇంకో రౌండు తిరిగాం. ఒరిజినల్స్‌ని కవర్లో పెట్టుకోండి, చాలు. పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో, పెళ్లి సర్టిఫికెట్‌లో, పిల్లల జనన ధ్రువీకరణ పత్రంలో ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉందా అన్నది ముద్ర వేయించక ముందే చూసుకోండి. తర్వాత దిద్దాలంటే ముద్ర కూడా మళ్లీ వేయించాల్సిందే.

4. చట్టం దృష్టిలో అమ్మానాన్న ఎవరో చూసుకోండి

బిడ్డను కన్నావిడే తల్లి అన్నది చాలా దేశాల చట్టాలకు పునాది. పెళ్లయి ఉంటే ఆమె భర్తే తండ్రి అని చట్టం అనుకుంటుంది. డీఎన్‌ఏ పరీక్ష వంటివి ఆ అనుకోలును ఎవరైనా సవాలు చేసినప్పుడు వచ్చే సంగతి.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారికి ఇక్కడే తేడా వస్తుంది. ఒకే తండ్రిని మూడు దేశాల్లో నిలబెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో 2003 డిసెంబర్ 1 తర్వాత పుట్టిన బిడ్డ జనన నమోదులో తల్లితో కలిసి తండ్రి పేరు చేరితే అతనికి తల్లిదండ్రుల బాధ్యత కూడా వచ్చేస్తుంది. జర్మనీలో తండ్రినని ఒప్పుకునే కాగితం ఒకటి, సంరక్షణ ఇద్దరిదీ అని ఇద్దరూ చెప్పే కాగితం ఇంకొకటి. మొదటిది చేసి రెండోది మరిచిపోతే తండ్రిగా పేరు ఉంటుంది, పిల్లల విషయంలో నిర్ణయం మాత్రం తల్లిదే. నెదర్లాండ్స్‌లో 2023 జనవరి 1 నుంచి బిడ్డను చట్టపరంగా తన బిడ్డగా ఒప్పుకుంటే సంరక్షణ హక్కు దాంతోపాటే వస్తుంది, అంతకుముందు దానికి విడిగా అర్జీ పెట్టాలి. సర్టిఫికెట్‌లో పేరుంది కదా అని నిశ్చింతగా ఉండే తండ్రులు ఈ పేరా ఇంకోసారి చదవండి.

దత్తత అయితే 1993 హేగ్ దత్తత ఒప్పందం ఉంది. దాని ప్రకారం జరిగిన దత్తతకు 23వ ఆర్టికల్ కింద ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే మిగతా సభ్యదేశాలు దత్తతను నేరుగా గుర్తిస్తాయి. దత్తత ఫైల్లో మిగతా కాగితాలు ఎన్ని ఉన్నా, ఈ ఒక్కటి అడిగి తీసుకోండి.

అద్దె గర్భానికి అలాంటి ఒప్పందమేదీ లేదు. 2008లో గుజరాత్‌లో ఒక జర్మన్ దంపతుల కోసం అద్దె గర్భం ద్వారా కవలలు పుట్టారు. జర్మనీలో అద్దె గర్భానికి అనుమతి లేదు కాబట్టి ఆ దేశం వాళ్లను తన పౌరులుగా ఒప్పుకోలేదు. భారత పౌరసత్వం సంగతీ తేలలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2010లో గానీ పిల్లలు తండ్రితో బయల్దేరలేకపోయారు. ఇద్దరు పసివాళ్లు నడవడం నేర్చుకున్నా ఏ దేశం వాళ్లో తేలలేదన్నమాట. అద్దె గర్భం గురించి ఆలోచిస్తున్నవారు, అది జరిగే దేశంలో చట్టబద్ధమా అన్నదానికంటే ముందు, బిడ్డను తీసుకెళ్లే దేశం ఒప్పుకుంటుందా అన్నది అడగాలి. ఇటలీ అయితే తన పౌరులు విదేశానికి వెళ్లి చేయించుకున్నా నేరమేనని 2024లో చట్టం చేసింది.

బిడ్డ పుట్టగానే అక్కడే జనన నమోదు చేయించండి. ఆ తర్వాత మీ దేశపు ఎంబసీలో కూడా నమోదు చేయించండి. కొన్ని దేశాల్లో దీనికి గడువు ఉంటుంది, దాటితే పౌరసత్వానికే చిక్కు. తండ్రికి ఉన్నట్టుగా తల్లికి తన పౌరసత్వాన్ని బిడ్డకు ఇచ్చే హక్కు లేని దేశాలు ఇప్పటికీ ఇరవైకి పైగా ఉన్నాయి. కాబట్టి తల్లిది ఉంది కదా అనుకోకుండా చట్టం చూడండి.

5. పిల్లల ఇల్లు ఎక్కడో రాసి పెట్టుకోండి

ఇక్కడ కాసేపు ఆగండి. మిగతావన్నీ ఆలస్యంగానైనా దిద్దుకోవచ్చు, ఇది కష్టం.

1980 అక్టోబర్ 25 నాటి హేగ్ ఒప్పందం ఒకటుంది. తల్లి గానీ తండ్రి గానీ, రెండోవారి సంరక్షణ హక్కుకు భంగం కలిగేలా, పిల్లల్ని వాళ్లు మామూలుగా ఉంటున్న దేశం నుంచి తీసుకుపోతే, లేదా సెలవులకని తీసుకెళ్లి తిరిగి పంపకుండా ఉంచేసుకుంటే, పిల్లల్ని వెంటనే వెనక్కి పంపాలన్నది దాని సారాంశం. 16 ఏళ్లు నిండని పిల్లలకు ఇది వర్తిస్తుంది. కన్నతల్లి తన బిడ్డను తన పుట్టింటికి తీసుకెళ్లడం కూడా ఈ ఒప్పందం కిందికి రావచ్చు. ఈ మాట వినగానే చాలామంది నమ్మరు.

అంతా తిరిగేది లాయర్లు హాబిచువల్ రెసిడెన్స్ అనే మాట చుట్టూ. పిల్లలు మామూలుగా ఉంటున్న చోటు అని దాని అర్థం. పౌరసత్వం కాదు, పాస్‌పోర్టు రంగు కాదు. ఇటలీలో పుట్టిన ఒక పాపను రెండు నెలల వయసులో అమెరికన్ తల్లి ఒహాయోలోని పుట్టింటికి తీసుకెళ్లింది. తండ్రి కేసు వేశాడు. పాపను ఎక్కడ పెంచాలన్నది ఇద్దరం అనుకోనేలేదు కదా అన్నది తల్లి వాదన. తల్లిదండ్రులు ముందే అలా అనుకుని ఉండి తీరాలన్న నియమం లేదు, మొత్తం పరిస్థితులన్నీ కలిపి చూస్తామని అమెరికా సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పాప మామూలుగా ఉంటున్న చోటు ఇటలీయే అన్న కింది కోర్టు తీర్పు నిలిచింది.

మీరు చేయాల్సింది ఏమిటంటే, దేశం మారేముందు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. ఎందుకు వెళ్తున్నాం, ఎంతకాలానికి, ఏ నెలలో తిరిగి వస్తాం, తిరిగి రాకపోతే ఎవరు ఎవరితో మాట్లాడి తేల్చుకోవాలి, సెలవులకు పిల్లలు ఎక్కడికి వెళ్తారు. సంతకాలు, తేదీ పెట్టండి. నోటరీ చేయిస్తే ఇంకా మంచిది. కోర్టు దీనికి కట్టుబడి ఉండాలనేమీ లేదు, కానీ "రెండేళ్లకే అన్నాం", "కాదు, ఎప్పటికీ అన్నాం" అనే వాదన వచ్చినప్పుడు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. ఇల్లు ఖాళీ చేశారా, స్కూలు టీసీ తీసుకున్నారా, సామానంతా పంపించేశారా అన్నవి కూడా కోర్టులు చూస్తాయి.

పిల్లలతో ఒక్కరే ప్రయాణం చేస్తుంటే, రెండోవారి అనుమతి పత్రం దగ్గర పెట్టుకోండి. పిల్లల పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ, ఎక్కడ ఉంటారు, అనుమతి ఇచ్చినవారి ఫోన్ నంబరు అందులో ఉండాలి. తిరిగొచ్చే తేదీ మరిచిపోవద్దు. ఆ పత్రంలో అన్నిటికంటే విలువైన గీత అదే.

జరగరానిది జరిగితే, అంటే రెండోవారు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతే, ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి. ప్రతి సభ్యదేశంలో దీనికి సెంట్రల్ అథారిటీ అనే కార్యాలయం ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టాలి. కోర్టు ఆరు వారాల్లో తేల్చలేకపోతే ఆలస్యానికి కారణం అడిగే హక్కు మీకుంది. ఏడాది దాటాక అర్జీ పెడితే, పిల్లలు కొత్త చోట కుదురుకున్నారని అవతలివారు వాదించే వీలొస్తుంది. ఇక్కడ తేలేది పిల్లలు ఏ దేశానికి వెళ్లాలన్నది మాత్రమే. ఎవరి దగ్గర పెరగాలన్నది ఆ దేశం కోర్టు తర్వాత తేలుస్తుంది. భారత్ ఈ ఒప్పందంలో లేదు. జపాన్‌లో 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పిల్లలు ఒప్పందంలో లేని దేశంలో ఉంటే అక్కడి కోర్టులోనే మామూలు కేసు వేసుకోవాలి, పిల్లలకు ఏది మంచిదన్నది ఆ కోర్టే చూస్తుంది.

ఇంట్లో హింస ఉంటే లెక్క వేరు. వెనక్కి పంపితే బిడ్డకు తీవ్రమైన ప్రమాదం ఉందని చూపిస్తే పంపనవసరం లేదని ఒప్పందంలోనే, 13వ ఆర్టికల్‌లో ఉంది. కానీ దాన్ని రుజువు చేయాల్సింది మీరే, కోర్టులు దాన్ని గట్టిగానే పరీక్షిస్తాయి. ప్రాణం మీదికి వస్తే ముందు సురక్షితమైన చోటికి చేరండి, అది ఆ దేశంలోనే అయితే మరీ మంచిది. డాక్టరు చీటీలు, పోలీసు ఫిర్యాదు, మెసేజీలు భద్రపరచండి. సరిహద్దు దాటే ముందు వీలైతే ఒక్క గంట లాయరుతో మాట్లాడండి.

6. ఆస్తికి ఏ లెక్కో తేల్చుకోండి

ఫ్రాన్స్‌లో ఏ కాంట్రాక్టూ రాసుకోకపోతే పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ. జర్మనీలో ఎవరిది వారిదే, విడిపోయేటప్పుడు ఎవరికి ఎంత పెరిగిందో లెక్క కట్టి తేడాలో సగం ఇవ్వాలి. భారత్‌లో ఎవరి పేరు మీద ఉంటే వారిదే. ఇంగ్లండ్‌లో అలాంటి ముందస్తు లెక్కేమీ ఉండదు, ఏది న్యాయమో జడ్జి చూస్తారు. పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందానికి, అర్థం చేసుకుని ఇష్టపూర్వకంగా చేసుకున్నదైతే, బరువు ఇవ్వాలని అక్కడి సుప్రీంకోర్టు 2010లో చెప్పింది.

మీకు తెలియకుండానే లెక్క మారిపోవడం కూడా ఉంది. 1978 నాటి హేగ్ ఒప్పందం ఫ్రాన్స్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్‌లకు వర్తిస్తుంది. 1992 సెప్టెంబర్ నుంచి 2019 జనవరి దాకా పెళ్లయినవారు ఏ కాంట్రాక్టూ రాసుకోకుండా అక్కడ పదేళ్లు కాపురం ఉంటే, వారి ఆస్తి మీద వర్తించే చట్టం దానంతటదే ఆ దేశానిదిగా మారవచ్చు. ఎవరూ నోటీసు పంపరు. ఆ దేశాల్లో ఉన్నవారు నోటరీ దగ్గరికి వెళ్లి, మాకు ఫలానా చట్టం అని రాయించుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

వీలునామా కూడా అదే రోజు పెట్టుకోండి. రెండు దేశాల్లో ఆస్తి ఉంటే, ఒక వీలునామా ఇంకోదాన్ని రద్దు చేయకుండా రాయించాలని లాయరుకు చెప్పండి.

7. వేరే దేశం కోర్టు నుంచి కాగితం వస్తే

తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంట విడిపోయింది. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో కేసు వేసి, కాపురం ఇక కోలుకోలేదన్న కారణంతో విడాకులు తెచ్చుకుని, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. భార్య రెండో పెళ్లి నేరమని కేసు పెట్టింది. ఆ అమెరికా తీర్పు జిరాక్సు కాపీ సాక్ష్యంగా పనికిరాదని హైకోర్టు అంది. 1991లో భారత సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణంతో ఇచ్చిన విడాకులే ఇక్కడ చెల్లుతాయంది. అవతలివారు ఇష్టపూర్వకంగా హాజరై వాదించినా, విడాకులకు ఒప్పుకున్నా అది మినహాయింపు.

అందుకని విదేశీ కోర్టు నుంచి కవరు వస్తే చించి పారేయకండి. వెంటనే "సరే" అని సంతకమూ పెట్టకండి. అందుకున్న తేదీ కవరు మీద రాసి, కవరుతో సహా దాచండి. జవాబు ఇవ్వడం, ఇవ్వకపోవడం రెండిటికీ ఫలితాలున్నాయి. హాజరై వాదిస్తే ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు అవ్వచ్చు, మౌనంగా ఉంటే మీరు లేకుండానే తీర్పు రావచ్చు. గడువు రోజుల్లోనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి తప్పు ఎవరిదో నిరూపించకుండానే, విడాకుల అర్జీ పడ్డ 20 వారాల తర్వాత షరతుతో కూడిన ఉత్తర్వు, మరో ఆరు వారాల తర్వాత చివరి ఉత్తర్వు అడగవచ్చు. ఫిలిప్పీన్స్‌లోనైతే చాలామంది పౌరులకు విడాకుల చట్టమే లేదు. అదే కాపురానికి ఒకచోట ఆరు నెలల్లో తలుపు మూసుకుంటుంది, ఇంకోచోట అసలు తలుపే లేదు.

పిల్లల భరణం వేరే దేశంలో ఉన్నవారి నుంచి రాబట్టడానికి 2007 హేగ్ ఒప్పందం ఉంది. అమెరికా 2017 నుంచి అందులో ఉంది. రెండు దేశాలూ సభ్యులైతే ఇక్కడి నుంచే అర్జీ పెట్టుకోవచ్చు, అక్కడికి వెళ్లి తిరగక్కర్లేదు.

8. లాయరును అడగాల్సినవి

ఒక్క దేశం లాయరుతో సరిపెట్టుకోకండి. రెండు దేశాల్లోనూ ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడినా చాలు. మొదటి అంశంలో చెప్పిన తెల్లకాగితం ఇద్దరికీ ఒకేలా పంపండి, అప్పుడు జవాబులు పోల్చుకోవచ్చు. "నాకు ఏ హక్కులున్నాయి" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. ఇలా అడగండి: "ఇక్కడ వచ్చిన కస్టడీ ఆర్డరు అక్కడ అమలు కావాలంటే అక్కడి కోర్టులో అలాంటి ఆర్డరే ఇంకొకటి తీసుకోవాలా? ప్రయాణానికి ముందే తీసుకోవచ్చా? ఎన్నాళ్లు పడుతుంది?" లాయర్లు దాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. ఆ మాట విని ఆయన తడబడితే, ఫీజు కట్టకముందే ఇంకొకరిని చూసుకోండి.